ఆనుకుంటే కూలిన కోటగోడ

రాజుగారి పుట్టినరోజుకల్లా కోటగోడ లేవాలని కట్టడాల అధికారి రుద్రపతి పట్టుబట్టాడు. సున్నం ఆరనివ్వమని కూలీలు మొత్తుకున్నా వినకుండా వరస మీద వరస పేర్పించాడు. ఒక మధ్యాహ్నం ఆ గోడ కూలి, కింద ఉన్న ఓదేలు అనే కూలీకి రెండు కాళ్లూ విరిగాయి.

"వీడు ఆనుకుని కూర్చోబట్టే గోడ పడింది. చెరలో వేయించండి ప్రభూ!" అన్నాడు రుద్రపతి నిండు సభలో.

ఓదేలు భార్య బాలవ్వకు ఒళ్లు మండిపోయింది.

"గంజి తాగి బతికే నా మొగుడు వీపు ఆనిస్తేనే కోటగోడ కూలిందా? అంత బలవంతుడికి చెర ఎందుకు ప్రభూ? సేనాపతిని చేసి శత్రువుల కోటల మీదికి పంపండి. ఆయనకంత బలం లేదంటారా, అయితే ఇలాంటి గోడ కట్టించినవాణ్ణి ఏం చేస్తారో చెప్పండి!"

రాజు రుద్రపతి వైపు తిరిగాడు. "పద, మిగిలిన గోడకు నువ్వు ఆనుకుని కూర్చో, చూద్దాం."

రుద్రపతి ఉన్నచోటు నుంచి కదల్లేదు. భటులు అతన్నే చెరకు తీసుకుపోయారు.

బాలవ్వ మాత్రం రాజుకు దణ్ణం పెట్టలేదు. "గోడ మళ్లీ కట్టిస్తారు. నా మొగుడి కాళ్లు ఎవరు కట్టిస్తారు?" అని అడిగి వెళ్లిపోయింది.