వణికే కత్తి, రాజుగారి మీసం

జ్వరం వచ్చినవాడు ముందు మందు తాగాలా, ముందు మట్టి మొయ్యాలా? చెప్పండి చూద్దాం. నవ్వకండర్రా. వసుధా, నువ్వు ఆ దగ్గుతూ లెక్కలు చెయ్యడం కాస్త ఆపి విను. ఈ ప్రశ్నకి ఒక రాజుగారే తప్పు జవాబు చెప్పాడు.

మీ బడిలో పటమంతా వెతికినా కనబడని ఒకానొక రాజ్యాన్ని ప్రచండభూపతి ఏలేవాడు. ఆయనకి రాజ్యం ఎంతో మీసమూ అంతే. రోజూ పొద్దున్నే రెండు కొసలూ కొలిపించుకుని గానీ సభకి వెళ్లేవాడు కాదు.

తండ్రిగారు కట్టించిన ధర్మవైద్యశాలలో అందరికీ ఊరికే మందిచ్చేవారు. అది ఈయనకి నచ్చలేదు. "ఊరికే మందిస్తే జనం ఊరికే రోగాలు తెచ్చుకుంటారు. నెలకి ఇరవై రోజులు పనిచేసినట్టు చీటీ తెచ్చినవాడికే మందు. పని దొరకనివాడు కోటగోడకి మట్టి మొయ్యాలి," అని శాసనం చేశాడు.

అంటే ఏమిటన్నమాట? కాలు విరిగినవాడు మట్టి మోస్తేగానీ కాలికి కట్టు కట్టరు.

ఆ ఊళ్లో క్షౌరం చేసుకు బతికే ఎల్లమందకి చలిజ్వరం పట్టుకుంది. వైద్యుడు అతని చీటీ చూసి, "పంతొమ్మిదే ఉన్నాయి ఎల్లమందా. ఒక్కరోజు తక్కువ," అన్నాడు.

"ఆ రోజంతా వణకడంతోనే సరిపోయిందయ్యా."

"వణకడం పని కింద రాదు. నాకు మాత్రం ఇవ్వాలని లేదా? చీటీ చాలకుండా పొట్లం కడితే నా ఉద్యోగం ఊడుతుంది."

ఎల్లమంద దుప్పటి కప్పుకుని వైద్యశాల అరుగు మీద కూలబడ్డాడు. కత్తి నిలవని చేతికి గడ్డం ఎవడు అప్పగిస్తాడు? ఈ జ్వరం తగ్గకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

అటుగా పోతున్న ఆస్థాన విదూషకుడు తిప్పన్న సంగతంతా విన్నాడు. "ఒక్కరోజు పనేగా? రేపు కోటలో చేద్దువుగాని. కత్తి తెచ్చుకో."

"ఈ చేత్తో ఎవరికి చెయ్యమంటారు బాబూ?"

"తగిన మనిషిని నేను చూస్తాలే."

మర్నాడు ఎదురుగా పీట మీద కూర్చున్నది ఎవరో చూసేసరికి ఎల్లమందకి వణుకు రెండింతలైంది. అయినా గడ్డం తడిపి, ఎలాగో ఒక పక్క గీశాడు. రాజుగారు ఒక కన్ను తెరిచాడు.

"ఏమిట్రా, కత్తి నాట్యమాడుతోంది?"

"చలిజ్వరం, ప్రభూ."

"మందు తాగి రావచ్చుగా?"

తిప్పన్న చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "అపచారం, ప్రభూ. చీటీలో ఒక్కరోజు తక్కువ. తమ గడ్డం పూర్తిచేస్తేనే ఇతనికి మందు. తమ శాసనమే కదా. కానియ్ ఎల్లమందా. మీసం దగ్గర మాత్రం జాగ్రత్త."

సరిగ్గా అప్పుడే పెద్ద వణుకొకటి వచ్చింది. కుడి మీసం కొస గిరగిరా తిరుగుతూ రాజుగారి ఒళ్లో పడింది. అయినా ఎల్లమంద చేతి వణుకు ఆగలేదు.

"ఆపు. ఇంకొకణ్ణి పిలవండి."

"ఇంకొకడున్నాడు, ప్రభూ. మోచెయ్యి విరిగింది. కట్టు కోసం మట్టి మోస్తున్నాడు. పిలవమంటారా?"

రాజుగారు పీట మీద వెనక్కి జరిగాడు. "ముందు వీడికి మందు పొయ్యండి. పని తరవాత."

"లేఖకుడా, రాసుకో. ముందు మందు, తరవాత పని. ఒక్క ఎల్లమందకేనా, ప్రభూ?"

"ఒక్కడికే."

"చిత్తం. మధ్యాహ్నం ఊరేగింపుంది. తమ ఏనుగు మావటికి కళ్లు తిరిగే జబ్బు. చీటీలో నాలుగు రోజులు తక్కువ."

రాజుగారు అద్దం అందుకున్నాడు. ఎడమవైపు సింహం, కుడివైపు పిల్లి. చూసుకుని చూసుకుని, కడుపు పట్టుకుని నవ్వాడు.

"అందరికీ అని రాయించవయ్యా. ఏం కావాలో కూడా కోరుకో."

"ఆ పనిచీటీలన్నీ ఇప్పించండి, ప్రభూ. పొట్లాలు కట్టడానికి కాగితం చాలడం లేదు."

రాజుగారు చీటీలతోపాటు తన చేతి కంకణం కూడా తీసిచ్చాడు. మొదటి పొట్లం ఎల్లమంద చీటీలోనే కట్టారు. తొమ్మిదో రోజున అతను మళ్లీ కోటకి వెళ్లాడు, నిబ్బరమైన చేత్తో ఎడమ మీసాన్ని కుడిదానికి సమం చెయ్యడానికి.

సరే, లేవండి. రోట్లో మిరియాలు సగమే నలిగాయి, నేను వెళ్లి దంచి కషాయం కాచాలి. వసుధా, పుస్తకం ముయ్యి. లెక్కలు తరవాత.