నేల జరిపిన నక్క

తెర మీద రంగుల పట్టీ లేవగానే నోరు తెరుచుకుని తల ఊపే మీకే చెబుతున్నాను. బొమ్మ చూస్తారు, పక్కనున్న అంకె చూడరు. చదవడం రాక కాదు, బద్ధకం. ఇలాంటి బద్ధకం వల్లే ఒక నిజాయితీ గల కాపలాదారు కూటికి దూరమైంది. ఒక తల్లికి కడుపుకోత వెంట్రుకవాసిలో తప్పింది. కుదురుగా కూర్చుని వినండి.

మొక్కజొన్న చేల మధ్య ఒక కోళ్ల ఫారం మూతపడింది. యజమాని వెళ్ళిపోయాక మిగిలిన నాటుకోళ్ళు, బాతులు తమ మంచిచెడ్డలు తామే చూసుకోసాగాయి. రాయుడు అనే పుంజు వాటికి పెద్ద. సింగన్న అనే కుక్క కాపలాదారు. పగుళ్ళు పడ్డ గుడ్లు దాని జీతం. ఆఫీసు గదిలో ఒక పాత కంప్యూటరు ఉండిపోయింది. కప్పు మీది సోలార్ పలక పుణ్యమా అని అది ఇంకా వెలిగేది. దాని పక్కనున్న సొరుగులోనే మందారం అనే ఎర్రపెట్ట గుడ్లు పొదుగుతోంది.

ఒక ఉదయం చిదంబరం అనే నక్క గేటు దగ్గరికి వచ్చి, అంకెలను బొమ్మలుగా మార్చే సాఫ్ట్‌వేర్ నేర్పుతానంది. ఫీజు అక్కర్లేదంది. ఎందుకు అక్కర్లేదో అడగాలని ఎవరికీ తోచలేదు.

పాఠాలు మొదలయ్యాయి. అంకెలను గళ్ళలో ముక్కుతో పొడవాలి, ఒక మీట నొక్కాలి, పట్టీలు లేచి నిలబడతాయి. బాతులు తాము ఈదిన లెక్క ఎక్కించాయి. రాయుడు తన కూతల లెక్క ఎక్కించి, ఆ పట్టీకి ఎరుపు వేయాలా బంగారు రంగు వేయాలా అని మధ్యాహ్నం దాకా తగువు పెట్టుకుంది. పట్టీ దేన్ని చూపిస్తోందో మాత్రం మరిచిపోయింది.

నక్క అన్నీ నేర్పింది, ఒక్కటి తప్ప. పట్టీలు నిలబడే కింది గీత మామూలుగా సున్నా దగ్గర ఉంటుంది. దాన్ని పైకి జరిపే మీట ఒకటుంది. అది వాడాల్సి వచ్చినప్పుడల్లా నక్క తన శిష్యులను మేతకు పంపించేసేది. మందారం మాత్రం గుడ్లు వదిలి కదలలేదు కదా.

“దీని సంగతి వదిలేయండి,” అనేది నక్క. “పొదిగే పెట్టకు కళ్ళు తెరిచే ఉంటాయి, బుర్ర నిద్రపోతుంది.”

మందారం కళ్ళు తెరిచే ఉంది. బుర్ర కూడా.

ఒకనాడు నక్క అందరినీ పిలిచి రెండు పట్టీలు చూపించింది. సింగన్న కాపలా కాసిన వారం బుట్టకు చేరిన గుడ్లు ఒకటి, తాను సరదాగా కాపలా కాసిన వారానివి ఇంకొకటి. సింగన్న పట్టీ బెత్తెడు కూడా లేదు. నక్క పట్టీ తెర పైఅంచును తాకుతోంది. నిజానికి కుక్క వారంలో నూటికి తొంభై ఆరు చేరాయి, నక్క వారంలో నూరూ చేరాయి. ఆ నాలుగూ ఎవరి కడుపులోకి పోయాయో, తన వంతు వారంలో ఎవరు నోరు కట్టుకున్నారో నక్కకే తెలుసు.

సింగన్న బొమ్మ కేసి చాలాసేపు చూసి, ఇదేదో తప్పుగా ఉందని గొణిగింది.

“బొమ్మను శంకిస్తే చదువును శంకించినట్టే,” అంది నక్క. “శంకించినవాళ్ళు గేటు దాటాల్సిందే. ఏమంటారు రాయుడుగారూ?”

తనను గారూ అన్నందుకు రాయుడు మెడ నిక్కించి ఔనంది. సింగన్న తల వేలాడేసుకుని బయటికి పోయింది. ఎక్కడికీ పోలేక గేటు అవతలే పడుకుంది. నక్క కాపలాకు ఎక్కింది. వెనకవైపు కంచెలో ఉన్న సందులన్నీ తానే స్వయంగా బిగించింది, ఏ కోడీ తప్పించుకోకుండా.

మందారం గుడ్ల మీద ఇంకా దగ్గరగా ఒదిగింది. పెంకుల్లోంచి అప్పటికే కిచకిచలు వినబడుతున్నాయి. పిల్లలు బయటపడితే నక్కకు అదే మొదటి భోజనం. నోరు విప్పుదామా అంటే, శంకించినవాళ్ళు గేటు దాటాలి. గుడ్లను వదిలి ఎలా దాటడం? బొమ్మ తప్పన్న మాట నక్క నోటే రావాలి.

మర్నాడు పొద్దున్నే అది రాయుడితో మెల్లగా అంది. “బావా, మాస్టారికి కాపలా జీతం ఇంకా నిర్ణయించలేదు. నేర్చుకున్న విద్యతో ఆ జీతం బొమ్మ నేను గీస్తాను. ముందే ఇచ్చేద్దాం.”

ఆ మాట చెవిన పడి నక్క నవ్వుకుంది. మందారం ముక్కుతో టకటకా పొడిచింది. తెర మీద సింగన్న జీతం చీమంత, చిదంబరం జీతం తాటిచెట్టంత. నక్క ఆ ఎత్తే చూసింది, పక్కనున్న అంకెలు చూడలేదు. ఆ మీట ఒక కోడికి తెలిసి ఉంటుందని దానికి తోచనే లేదు. అందరి ముందూ సరేనంది.

బాతులు గుడ్లు మోసుకొచ్చి పోశాయి. నక్క కుప్ప చుట్టూ ఒకసారి తిరిగింది.

“మిగతావి?”

“అంతే మాస్టారూ,” అంది రాయుడు. “సింగన్నకు నలభై ఇచ్చేవాళ్ళం. మీకు నలభై ఒకటి.”

“బొమ్మలో నాది తాటిచెట్టంత ఉంది.”

“అయితే బొమ్మ తప్పంటారా?” అని అడిగింది మందారం, సొరుగులోంచి కదలకుండానే.

నక్కకు ఒళ్ళు మండిపోయింది. “తప్పే. కింది గీతను సున్నా దగ్గర్నుంచి నలభైకి రవ్వంత కింది దాకా జరిపావు. సున్నా నుంచి నిలబెడితే రెండూ ఇంచుమించు ఒకటే ఎత్తు.”

“సింగన్న బొమ్మకు మీరు జరిపినట్టేనా, మాస్టారూ?”

రాయుడు మెల్లగా తెర దగ్గరికి నడిచి, పాత బొమ్మ తెరిచి, మందారం చూపించిన మీటతో కింది గీతను సున్నాకు దించింది. రెండు పట్టీలూ కవల పిల్లల్లా నిలబడ్డాయి. రంగుల కోసం కొట్లాడిన సంగతి గుర్తొచ్చిందేమో, పుంజు తల వంచుకుంది. తర్వాత తలెత్తి అంది. “బొమ్మను శంకించినవాళ్ళు గేటు దాటాలి. మీ మాటే.”

నక్క కిటికీలోంచి తొంగి చూసింది. గేటు అవతల సింగన్న లేచి నిలబడి ఒళ్ళు విరుచుకుంటోంది.

“వెనక దారి లేదా?”

“మీరే బిగించారుగా,” అంది ఒక బాతు.

పట్టీ ఎంత ఎత్తుందో చూసే ముందు, అది ఎక్కడ నిలబడిందో చూడండి.

ఆ సాయంత్రం మందారం పిల్లలు పెంకులు పగలగొట్టుకుని బయటికొచ్చాయి. సింగన్న తన చోటుకు తాను చేరింది. చిదంబరం ప్రాణంతో చేలల్లో పడింది గానీ, తోకలో చాలా భాగం గేటు దగ్గరే ఉండిపోయింది. మిగిలిన ఆ ముక్క, కింది గీత ఎక్కడ పెట్టి చూసినా పొట్టిదే.