ఆవమొక్కల కుప్ప

ప్రశ్న అడిగినవాళ్ళ ముఖం కాక చేతులు చూడడం విశ్వపతి గారికి అలవాటు. నోరు ఎంత సర్దుకుని మాట్లాడినా చేతులు సర్దుకోవని ఆయన నమ్మకం. ఆ రోజు సీతారత్నం చేతులు చీరకొంగును మెలిపెడుతూనే ఉన్నాయి.

ఆయన దగ్గర ఉపనిషత్తులు చదువుకునే ఆడవాళ్ళలో ఆవిడే అందరికన్నా పాత శిష్యురాలు. ఆవిడ ఓర్పు సంగతి ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. భర్త తాగొచ్చి తిట్టినా, అత్తగారు నలుగురిలో పరువు తీసినా మారు పలికేది కాదు. "మా కోడలు భూదేవి" అని ఆ అత్తగారే చుట్టాల దగ్గర మురిసిపోయేది. పాఠం ముగిసి అందరూ వెళ్ళిపోయాక సీతారత్నం అడిగింది.

"విషాన్ని మింగి ఊరుకున్నవాళ్ళు గొప్పవాళ్ళంటారు కదా గురువుగారూ. కాపురానికి వచ్చినప్పటి నుంచీ మింగుతూనే ఉన్నాను. మరి అదంతా ఎక్కడికి పోతుంది?"

ఆయన ఆవిడ చేతులే చూస్తున్నారు. ఆవిడే గొంతు తగ్గించి చెప్పింది. "నిన్న పాలగిన్నె ఒలకబోసిందని మా పాపని పెనం మీది అట్లకాడ తీసి కొట్టాను. దాని చెయ్యి కాలింది. అది ఏడవలేదండీ. నావైపు చూసి ఊరుకుంది."

విశ్వపతి గారు శాస్త్రం ఎత్తలేదు. తమ పక్క ఊళ్ళో జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

ఆ ఊరి శివార్లలో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే కొలిమి ఒకటి చాలాకాలం నడిచి మూతపడింది. యజమాని తాళం వేసుకుని పోయాడు. సీసం మాత్రం పక్కనున్న పైడయ్య చేలో ఉండిపోయింది. మట్టి పరీక్షించినవాళ్ళు ఆ చేలో పండింది తినొద్దన్నారు. మరి ఏం తినాలో వాళ్ళు చెప్పలేదు.

కొన్నాళ్ళకు పట్నం కాలేజీ నుంచి కాదంబరి అనే పరిశోధకురాలు వచ్చింది. కొన్ని మొక్కలు నేలలోని సీసాన్ని నీళ్ళతోపాటే వేళ్ళతో లాగి, కాడల్లోనూ ఆకుల్లోనూ దాచుకుంటాయని, ఆవమొక్క అలాంటిదని చెప్పింది. ఏటా ఆవ చల్లి, ఎదిగాక వేళ్ళతో సహా పీకేస్తూ పోతే నేల మెల్లగా తేరుకుంటుందంది. పైడయ్య సరేనన్నాడు. అంత విషం తాగిన పైరు వాడిపోతుందనుకున్నాడు. అది నడుమెత్తు లేచి, పచ్చగా విరగబూసింది. చూడడానికి పెద్దవాళ్ళు కార్లలో వచ్చారు. వారిలో ఒకాయన మైకు పుచ్చుకుని, "ఇది మొక్క కాదు, సాక్షాత్తూ నీలకంఠుడు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పైడయ్య కూడా కొట్టాడు.

పీకిన మొక్కలు పశువులకు వెయ్యొద్దని, ఇలాంటి చెత్తను పాతిపెట్టే చోటు వేరే ఉందని, బండి వచ్చి తీసుకెళ్తుందని కాదంబరి చెప్పింది. పైడయ్య వాటిని పెరటి మూల కుప్పవేసి టార్పాలిన్ కప్పాడు. బండి రాలేదు. ఫోన్ చేశాడు.

"బండెప్పుడొస్తాదమ్మా?"

"పైకి రాశాను బాబాయ్. వస్తుంది."

మరుసటి ఏడు మళ్ళీ చల్లాడు, మళ్ళీ పీకాడు. కుప్ప పెరిగింది. కాదంబరికి ఇంకో ఊరికి బదిలీ అయింది. ఆమె స్థానంలో వచ్చినవాళ్ళు చేలో మట్టి తీసి చూసి, సీసం తగ్గుతోందని సంతోషపడి వెళ్ళారు. పెరట్లోకి ఎవరూ తొంగిచూడలేదు. వాళ్ళకు అప్పగించింది చేను మాత్రమే.

ఆ ఏడు ముసురు పట్టి కట్టెలన్నీ తడిసిపోయాయి. టార్పాలిన్ కింద ఆవకాడలు పొడిగా ఉన్నాయి. పశువులకు వెయ్యకూడదని పైడయ్య భార్య నూకాలమ్మకు తెలుసు. పొయ్యిలో పెట్టకూడదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. వానలు వెలిసేదాకా వాటితోనే వండింది. ఆ బూడిదతోనే గిన్నెలు తోమింది. మనవరాలు మంగ పొయ్యి పక్కన చేరి, బూడిదలో వేలితో బొమ్మలు గీసి, ఆ వేలే నోట్లో పెట్టుకునేది.

చలికాలానికి పిల్లకు కడుపునొప్పి పట్టుకుంది. అన్నం చూస్తే ముఖం తిప్పుకునేది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ పేరు పెట్టి పిలిచే పిల్ల ఒక్కొక్క పేరే మరిచిపోసాగింది. ఆసుపత్రిలో రక్తం తీసి చూసి సీసం చేరిందన్నారు. మందుతో కొంత దిగుతుంది గానీ, పోయిన మాటలు తిరిగొస్తాయో లేదో చెప్పలేమన్నారు. పైడయ్య ఇంటికొచ్చి, పార పుచ్చుకుని కుప్ప మీదికి వెళ్ళాడు. ఎత్తి ఎక్కడ పొయ్యాలి? కాలవలోనా? పక్కవాడి చేలోనా? మళ్ళీ తన చేలోనా? పార దించేశాడు. మంగ గడపలో నిలబడి అతన్నే చూస్తోంది. తాతా అని పిలవలేదు.

విశ్వపతి గారు అక్కడితో ఆపారు. సీతారత్నం కొంగు వదిలేసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"తప్పు ఆ మొక్కదా గురువుగారూ?"

"కాదు. మెచ్చుకుని వెళ్ళిపోయినవాళ్ళది."

"మరి ఆ మొక్క మాత్రం ఏం చెయ్యగలదు? నాటినచోట ఉండాల్సిందేగా?"

ఆయన పుస్తకం మూసి పైకి లేచారు.

"మొక్కకు కాళ్ళు లేవు తల్లీ" అన్నారు.