పైడమ్మ ఇంట్లో మార్చిన బల్బు

సోమలింగం మేస్త్రికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. ఏమడిగినా "ఊఁ" అని ఊరుకుంటాడు. ఆ "ఊఁ" వింటే ఎవరికైనా ఒళ్ళు మండేది. అయినా చింతపల్లి కొండల్లో కరెంటు పని నేర్చుకోవాలంటే ఆయన తర్వాతే ఎవరైనా.

డిప్లొమా చదివి ఆయన దగ్గర చేరిన కిరీటి, పుష్యమాసంలో ఓ సాయంత్రం అడిగాడు. "గురువుగారూ, యాభై వాట్ల హాలోజన్ బల్బు ఇచ్చే వెలుగు ఏడు వాట్ల ఎల్ఈడీ ఇస్తుంది. అది రెండు వేల గంటలకే మాడిపోతే ఇది పదింతలు మన్నుతుంది. తిన్న కరెంటంతా వేడికే తగలేసే ఆ పాత సరుకు మీ సంచిలో ఇంకా ఎందుకండీ?"

"ఊఁ" అన్నాడు మేస్త్రి.

అంతలో పైడమ్మ పరుగెత్తుకొచ్చింది. నాటుకోళ్ళు పెంచుకుని బతికే ఒంటరి మనిషి. ఆ పొద్దున్నే వాళ్ళింట్లో బల్బులన్నీ కిరీటి ఒక్కడే వెళ్ళి మార్చాడు. "బాబూ, కోడిపిల్లలు చచ్చిపోతన్నాయి! చలికి ఒకదాని మీదొకటి ఎక్కి తొక్కేసుకుంటన్నాయి. కొత్త లైటు కింద చెయ్యెడితే సల్లగా ఉంది!" అని ఘొల్లుమంది. కిరీటికి పొద్దున చూసింది గుర్తొచ్చింది. తను వెళ్ళినప్పుడు కోడిపిల్లలు పెరట్లో ఎండకి తిరుగుతున్నాయి. ఖాళీ గదిలో మోకాలి ఎత్తున వేలాడే బల్బును చూసి, ఎవడి పనిరా ఇదీ అని నవ్వుకుంటూ మరీ తీసేసి, కొత్తది పైకెత్తి కట్టాడు.

ముగ్గురూ పరుగు తీశారు. ఎనభై పిల్లలూ ఒక మూల గుట్టపడి ఉన్నాయి. అవి ఎదిగితేనే పైడమ్మకు ఏడాది గడుస్తుంది. కిరీటి మోకాళ్ళ మీద కూలబడి ఒక్కోదాన్నీ లాగి విడదీస్తుంటే, అవి మళ్ళీ ఆ గుట్టలోకే దూరిపోతున్నాయి. "తొందరగా, గురువుగారూ, తొందరగా!" అన్నాడు ఏడుపు గొంతుతో. మేస్త్రి సంచిలోంచి హాలోజన్ తీసి బిగించి, బాగా కిందకి దించాడు. పావుగంట గడిచింది. మెల్లగా ఒకటి, దాని వెనక నాలుగు, తర్వాత గుంపులుగా బల్బు కిందకు చేరాయి.

పదకొండు మాత్రం లేవలేదు. పైడమ్మ వాటిని ఒడిలోకి ఏరుకుంది. ఒక్క మాట తిట్టినా కిరీటికి ప్రాణం తేలికపడేది, ఆవిడ తిట్టలేదు.

"మిగతా గదుల్లోనూ పాతవే పెట్టీండి బాబూ" అంది.

"వద్దు తల్లీ. అక్కడ మావాడు చేసింది రైటే."

దారిలో కిరీటి అడిగాడు. "నా లెక్క ఎక్కడ తప్పిందండీ?"

ఈసారి మేస్త్రి "ఊఁ" అనలేదు.

"లెక్క బాగానే వేశావురా. చూసేవాళ్ళని లెక్కపెట్టావు. వణికేవాళ్ళని వదిలేశావు."