మోకులబాటకు అర్థం చెప్పిన శాస్త్రి

చిన్న కథే, విస్తరి వేసేలోపు అయిపోతుంది. ఒకానొక రాజ్యంలో రణమల్లుడనే రాజు ఉండేవాడు. ఆయనవి పెద్ద మీసాలు. మీసాలంటే గుర్తొచ్చింది, మా మునసబుగారు మీసాలకు రాసే ఆముదం దీపాలకు పోస్తే ఊరంతా వెలుగుతుంది. ఆ మాట ఆయనతో అనకండి. సరే, రాజు దగ్గరకు వద్దాం.

కోట గుమ్మం నుంచి ఏటి దాకా తిన్నగా ఒక దారి ఉండేది. అక్కడ ఓడలకు మోకులు పేనేవారు. జనం దాన్ని మోకులబాట అనేవారు.

ఆస్థాన పండితుడు భావనారాయణ శాస్త్రికి ఆ పేరు మరీ చవకబారుగా తోచింది.

"ప్రభూ, పూర్వం అది మోక్షబాట. ఋషులు నడిచి ముక్తి పొందిన దారి. జనం నోట్లో పడి నలిగింది. ఆ నారపీచువాళ్ళను ఖాళీ చేయిస్తే తమరు మేళతాళాలతో నడవవచ్చు" అన్నాడు.

రాజు సరేనన్నాడు. పౌర్ణమికల్లా ఖాళీ చేయాలని చాటింపు వేశారు.

పేనేవాళ్ళకు పెద్ద నూకాలు. ఆమె చిట్టెన ఇంటికి పరుగెత్తింది. చిట్టెనకు కొలువులో ఫలానా పని అంటూ లేదు, మాట్లాడటమే పని.

"బాబూ, అంత పొడుగు దారి మాకింకెక్కడ దొరుకుతుంది? వంకర సందులో మోకు పేనగలమా? మా పొయ్యి ఆరిపోతుంది."

"రేపు మాత్రం పని మానకండి" అన్నాడు చిట్టెన.

మర్నాడు రాజును బురుజు మీదికి తీసుకెళ్ళాడు. శాస్త్రి కూడా వెంట వచ్చాడు. కింద మనుషులు నడుముకు నార కట్టుకుని, పోగు వదులుతూ, కోటవైపే చూస్తూ వెనక్కి వెనక్కి నడుస్తున్నారు.

"ఏమిట్రా ఆ నడక?" అన్నాడు రాజు.

"తమ దగ్గర సెలవు తీసుకున్నవాడు ఎలా వెళ్ళాలి ప్రభూ?"

"వీపు చూపకుండా వెనక్కి నడుస్తూ వెళ్ళాలి."

"వీళ్ళు పొద్దస్తమానం అదే చేస్తున్నారు. తమరు చూడని రోజుల్లో కూడా."

రాజు మీసం దువ్వుకున్నాడు.

"ప్రభూ, వాళ్ళు తాళ్ళు పేనుతున్నారు!" అని శాస్త్రి మొత్తుకున్నాడు.

"పేననీ. నిన్న నువ్వు సంభావన అందగానే గిరుక్కున తిరిగి పోయావు. నాకు నీ వీపే కనబడింది."

అని రాజు పగలబడి నవ్వాడు. బాట వాళ్ళదేనన్నాడు. చిట్టెనకు శాలువా కప్పాడు. నడక నేర్చుకురమ్మని శాస్త్రిని నెలపాటు నూకాలుకు అప్పగించాడు.

నెల అయింది, శాస్త్రి రాలేదు. కబురు పంపితే, "తీరిక లేదు, ఓడవాళ్ళకు మాట ఇచ్చాను" అన్నాడట. ఆయన పేనుడు గట్టిగానే ఉందని నూకాలు ఒప్పుకుంది.

ఆ దారి పేరుకు అర్థమేమిటని ఎవరైనా శాస్త్రిని అడిగితే, "మోకులు పేనే బాట. పక్కకు జరగండి" అంటాడు.