మహారాజుగారి తాతగారి పరుపు

కోటగుమ్మానికి ఎదురుగానే చిదంబరయ్య పూటకూళ్ళ ఇల్లు. బసకు ఎవరొచ్చినా ఆయన మీసం మెలేస్తూ ఒకటే మాట చెప్పేవాడు: “మా మేడగదిలో సాక్షాత్తూ మహారాజుగారి తాతగారే పడుకున్నారు!”

చాపలు అమ్ముకోవడానికి మూడు రోజులు నడిచొచ్చిన మంగతాయి ఆ మాటకు మురిసిపోయి, పొద్దున్నే మేడగదిలో నడుం వాల్చింది. వాల్చిన మరుక్షణం లేచి కూర్చుంది. పరుపు నిండా నల్లులు!

కిందికొచ్చి చెబితే చిదంబరయ్య కసిరాడు. “నీ మొహానికి అదే ఎక్కువ! తాతగారు పడుకున్న పరుపే అది. ఆనాటి నుంచీ దూది కూడా మార్చలేదు. నల్లులుంటే నలిపేసి పడుకో.”

అరుగుమీద అన్నం తింటున్న కోటభటులు ఇటు తిరిగారు. మంగతాయి గబగబా లెంపలు వేసుకుంది.

“అమ్మో, ఎంత మాట! పరుపు అదే అయితే, ఇవి తాతగారి నెత్తురు తాగిన నల్లుల మునిమనవలే కదయ్యా. రాజరక్తం! అన్నలారా, మీరే చెప్పండి, చంపొచ్చా?”

భటులు చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని చిదంబరయ్య వంక చూశారు. చంపొచ్చంటే రాజద్రోహం. ఆ పరుపు తాతగారిది కాదంటే, ఇన్నాళ్ళూ రాజుగారి పేరు చెప్పి అబద్ధమాడినట్టు. చిదంబరయ్యకు ముచ్చెమటలు పోశాయి.

“నా గదిలో పడుకో తల్లీ,” అన్నాడు.

మధ్యాహ్నం దాకా హాయిగా నిద్రపోయి వచ్చింది మంగతాయి. తన మంచం పోయి మేడగదిలో కునుకు తీయబోయిన చిదంబరయ్య ఒళ్ళంతా గోక్కుంటూ ఎదురయ్యాడు.

“నిద్ర పట్టిందా?”

“మహా సుఖంగా పట్టిందయ్యా. మీ మంచం మీద ఒక్క రాజు కూడా పడుకున్నట్టు లేదు!”