కనుబొమల మధ్య రెండు గీతలు

వారిజ కూతురు నిషిత పన్నెండో ఏట బ్యాడ్మింటన్ అకాడమీలో చేరి బెంగళూరు హాస్టల్‌కి వెళ్లిపోయింది. అప్పట్నించీ వారిజకి వారమంటే ఆదివారమే. ఆ సాయంత్రం వార్డెన్ పిల్లలకి ఫోన్లు ఇస్తుంది. తెర మీద కూతురి మొహం కనిపించేదాకా వారిజకి ముద్ద దిగదు.

తీరా కనిపించాక జరిగేది వేరు.

"అమ్మా, కోపమా?" అనేది నిషిత.

"కోపమెందుకే? నిన్ను చూద్దామనేగా కూర్చున్నాను."

"మరి నుదుటి మీద పదకొండెందుకు వేసుకున్నావ్?"

కనుబొమల మధ్య నిలువుగా పడ్డ రెండు గీతలకి పిల్ల పెట్టిన పేరది. మొదట్లో ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. రానురాను నిషిత నవ్వడం మానేసింది. బాగున్నాననీ, తిన్నాననీ చెప్పి ఫోన్ పెట్టేసేది. జ్వరంతో మంచం పట్టిన సంగతి కూడా వార్డెన్ నోట వినాల్సి వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే నువ్వు అలా చూస్తావుగా" అంది పిల్ల.

వారిజ అద్దం ముందు నవ్వడం సాధన చేసింది. పెదాలు నవ్వేవి, గీతలు మాత్రం పోయేవి కావు. చివరికి కాకినాడలో ఒక చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్లింది. ముడతలు తెప్పించే కండరాన్ని సడలించే ఇంజెక్షన్లు ఉన్నాయని విన్నది.

డాక్టరమ్మ ఏదీ దాచకుండా చెప్పింది. మందు పట్టడానికి కొన్ని రోజులు పడుతుంది. మూడు నాలుగు నెలల్లో ప్రభావం తగ్గిపోతుంది, కావాలంటే మళ్లీ వేయించుకోవాలి. కొందరికి తలనొప్పి రావచ్చు, ఎప్పుడైనా రెప్ప కొంచెం వాలి కొన్ని వారాలుండొచ్చు. వాడే మందులేమిటో, గర్భం ఏమైనా ఉందేమో అడిగింది. ఆఖరికి ఒక మాటంది.

"కనుబొమలు అసలు కదలకుండా చెయ్యమంటారా, కాస్త కదలిక ఉంచమంటారా? మోతాదు దాన్ని బట్టే ఉంటుంది. ఆలోచించుకుని రండి."

ఆలోచించడానికేముంది, అసలు కదలకూడదు అనుకుంది వారిజ. అయినా నేరుగా వెళ్లి సూది వేయించుకోలేకపోయింది. ఎనిమిదో ఏట నుంచి తనకి అభినయం నేర్పిన భ్రమరాంబ గారు రాజమండ్రిలో ఉన్నారు. ముందు ఆవిడ దగ్గరికి వెళ్లింది.

ఆ వేళకి భ్రమరాంబ గారు చిన్న పిల్లలకి పాఠం చెబుతున్నారు. "కనుబొమ ఎత్తమంటే భుజం ఎత్తుతావేమే? బస్తా మోస్తున్నావా?" అని ఒకదాన్ని కసురుకుని, వారిజని చూసి అందర్నీ మంచినీళ్లు తాగి రమ్మని పంపేశారు.

వారిజ వచ్చిన పని చెప్పింది.

"సూది వేసేది నేను కాదుగా. నన్నడగడం దేనికి?" అన్నారావిడ.

"మీరు నేర్పిన మొహం, గురువుగారూ. మీకు చెప్పకుండా ఎలా మార్చుకోను?"

భ్రమరాంబ గారు చాప మీద ఎదురుగా కూర్చుని, వారిజ చేయి తన చేతిలోకి తీసుకున్నారు.

"సరే, అది అలా ఉంచు. పిల్ల సంగతి చెప్పు."

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు వారిజ మొదలుపెట్టింది. పొద్దున్న జడ వేసే వేళయ్యేసరికి తన చేతులకి ఏమీ తోచదని చెప్పింది. హాస్టల్లో పిల్ల జుట్టు పొట్టిగా కత్తిరించేశారట. ఫోన్‌లో చూసి, బాగుందే అంది కానీ, ఆ జుట్టు ఏం చేశారో అడగాలని ఇప్పటికీ ఉంది. దుకాణంలో రిబ్బన్లు కనిపిస్తే చెయ్యి దానంతటదే వాటి మీదికి వెళుతుంది. పిల్ల దుప్పటి ఇంకా ఉతకలేదు.

చెబుతూ చెబుతూ గురువుగారి మొహం చూసింది.

ఆవిడ కళ్లు తనని చూస్తూనే ఉన్నాయి. కానీ మొహంలో ఏ మార్పూ లేదు. డెబ్బై దాటిన ఆ నుదుటి మీద ముడతలన్నీ గోడ మీద గీసినట్టు ఉన్నచోటే ఉన్నాయి. బహుశా సరిగ్గా చెప్పలేదేమో అనుకుంది వారిజ. జ్వరం సంగతి ఎత్తుకుంది. ఒంటరిగా మంచం మీద పడుకుని, అమ్మకి చెప్పొద్దని వార్డెన్‌ని బతిమాలుకుందట.

కనుబొమ కదల్లేదు.

వారిజ గొంతు దానంతటదే తగ్గిపోయింది. ఇంకా చాలా ఉంది చెప్పడానికి. ఏదీ పైకి రాలేదు.

"పోనివ్వండి. మిమ్మల్ని విసిగిస్తున్నట్టున్నాను."

భ్రమరాంబ గారు అదే మొహంతో చూస్తూ కూర్చున్నారు.

"ఏంటి గురువుగారూ?" వారిజకి ఏడుపొచ్చింది. "మీరూ పిల్లల్ని కన్నవాళ్లేగా. ఇంత చెబుతుంటే మీకు చీమ కుట్టినట్టయినా లేదా?"

చేయి లాక్కోబోయింది. రాలేదు. అప్పుడు చూసుకుంది. గురువుగారు పట్టిన పట్టుకి తన గాజులు మణికట్టులోకి దిగి, చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. ఎంతసేపట్నించి అలా పట్టుకున్నారో తనకి తెలియనేలేదు.

భ్రమరాంబ గారు మెల్లగా పట్టు సడలించారు.

"విన్నానమ్మా" అన్నారు. "అంతా విన్నాను. నుదురొక్కటే కదపలేదు."